ఆనవాళ్లు సరిపోయాయి

మా ఆయన బస్టాండులో పోయిన సామాన్ల గదికి గుమాస్తా. జనం మరిచిపోయిన గొడుగులూ కళ్లజోళ్లూ రిజిస్టరులో రాసుకోవడం, ఆనవాళ్లు సరిగ్గా చెప్పినవాళ్లకు తిరిగి ఇవ్వడం, నెలలోగా ఎవరూ రాకపోతే పారేయడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే పని చేస్తే మనిషి ఏమవుతాడో నన్నడగండి.

ఆయన వీపు మీది గడ్డను కోసి, క్యాన్సరో కాదో తేల్చమని ల్యాబుకి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు కవరు తెరవలేక ఆయన చేతికిచ్చేశాను. ఆయన మాత్రం మొదటి పేజీ చదివి మురిసిపోయారు.

“విన్నావా? ‘సీసాలో అందినది. ముక్క ఒకటి. గోధుమ రంగు. పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఒక పక్క దారంతో గుర్తు.’ ఎవరు రాశారో గానీ, పని తెలిసినవాళ్లే!”

“రెండో పేజీలో ఏముందండీ?”

“ఆనవాళ్లన్నీ మొదటి పేజీలోనే ఉన్నాయిగా,” అంటూ రెండో పేజీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మూడు రోజులు ఆ జేబు మీంచి చెయ్యి తీయలేదు. చొక్కా ఉతకనివ్వలేదు. నాలుగో రోజు అదే చొక్కాతో ల్యాబుకి బయల్దేరారు. ఒళ్లు మండిపోతున్నా వెంట వెళ్లాను.

“ఆనవాళ్లు సరిపోయాయమ్మా. నా వస్తువు ఇప్పించు,” అన్నారు కిటికీ దగ్గరి అమ్మాయితో. ఆ పిల్ల నోరు వెళ్లబెట్టి డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ ఇంకా ఘనురాలు. సీసా, రిజిస్టరూ తెచ్చి బల్ల మీద పెట్టి, “సంతకం పెట్టి తీసుకెళ్లండి,” అంది.

నేనిక ఆగలేకపోయాను. ఆయన జేబులోంచి కాగితం లాగి ఆవిడ ముందు పెట్టాను. “ముందు ఇది చదవండి డాక్టరుగారూ. ఈయన నాటకం నేను చూడలేను.”

“క్యాన్సరే,” అందావిడ. ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. “కానీ ఆఖరి వాక్యం చూడండి. కోసిన అంచుల్లో ఎక్కడా లేదు. మొత్తం బయటికి వచ్చేసినట్టే. చెప్పినప్పుడల్లా పరీక్షలకు మాత్రం రావాలి.”

“లోపల ఏమీ మిగల్లేదా?” ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

“ఈ అంచుల్ని బట్టి, లేదండీ.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కలం తీసి, సొంతదారు సంతకం గడి వదిలేసి, పక్క గడిలో ఆఫీసులో రాసినట్టే గుండ్రంగా రాశారు: ‘ఎవరూ రాలేదు.’

“నెల ఆగి పారేయండమ్మా,” అన్నారు. “ఇది మాది కాదు.”