అచ్చొచ్చిన గది

మీరే. "ఈ ఒక్క పోటీ అయిపోనీండి, తర్వాత చూద్దాం" అన్న ప్రతి ఒక్కరూ. గోడ మీద ఎర్ర రంగుతో రాసింది చదివి, చదవనట్టు దాని మీద బ్యానర్ కట్టించిన హెడ్మాస్టరూ, ఆ బ్యానర్ ముందు నిలబడి ఫోటో దిగిన పెద్దమనుషులూ, ఆ ఫోటో ఫోన్లలో చూసుకుని మురిసిపోయిన తల్లిదండ్రులూ. మీరే. రేపు ఏదైనా జరిగితే వాన మీదకీ తలరాత మీదకీ నెట్టేయకండి. నేను ఆ గదిలోనే ఉన్నాను. అంతా విన్నాను.

నేను ఒక బజర్‌ని. గుండ్లవాగు ప్రభుత్వ హైస్కూల్లో, క్విజ్ జట్టు కూర్చునే బల్లకు మరలతో బిగించిన బజర్‌ని. ఒక ప్లైవుడ్ పెట్టె, పైన మూడు మీటలు, మూడు రంగుల బల్బులు, లోపల ఒక గంట. ముందుగా నొక్కిన వాళ్ల బల్బు వెలుగుతుంది, గంట మోగుతుంది, మిగతా మీటలు పని చెయ్యవు. అంతే నా పని. చూడ్డానికి బాగుండను. నా గొంతు అంతకన్నా బాగుండదు.

నా లోపలి గంట ఈ బడిలో పుట్టలేదు. అది ఊరి సినిమా హాల్లో ఇంటర్వెల్ గంట. అక్కడ దానికి దర్జా ఉండేది. అది మోగితే ఊరు ఊరంతా లేచి పకోడీల కోసం పరిగెత్తేది. ఆ హాలు కప్పు రేకులది, కింద ఇనుప దూలాలు. ఒక వానాకాలం దూలం కొస గోడలోంచి జారడం మొదలుపెట్టింది. కప్పు పడిపోయే ముందు పెద్దగా అరవదు, తెలుసా? చెక్కను పురుగు తొలుస్తున్నట్టు కరకరమంటుంది. కాసేపు ఊరుకుంటుంది. సన్నగా ఇసుక రాలుతుంది. మళ్లీ ఊరుకుంటుంది.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే పిచ్చయ్య ఓనరుతో చెప్పాడు. "అయ్యా, పైన ఏందో కదులుతంది."

"ఈ బొమ్మ ఆడనీయరా. జనం బాగా వస్తన్నారు. పోయినాక చూద్దాంలే."

ఒక మధ్యాహ్నం ఖాళీ హాలు ఊడుస్తుంటే కప్పు పిచ్చయ్య మీదే పడింది. "ఆట టైములో పడలేదు, దేవుడు చల్లగా చూశాడు" అని ఊరంతా చెప్పుకున్నారు. పిచ్చయ్యను ఎవరు చల్లగా చూశారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

హాలు మూతపడింది. సామాన్లు తలా ఒకటి పట్టుకుపోయారు. గంట కరెంటు పని చేసే మస్తాను కొట్టుకు చేరింది. హైస్కూల్లో సైన్సు చెప్పే అంకయ్య మాస్టారు వచ్చి, క్విజ్‌కు బజర్ కావాలంటే మస్తాను ఆ గంటకు పెట్టె తొడిగి నన్ను తయారు చేశాడు.

"సారూ, మీటలు నాజూకు. మెల్లిగా నొక్కమనండి పిల్లకాయల్ని."

"మెల్లిగా నొక్కితే గెలవరు మస్తానూ" అన్నాడు మాస్టారు.

ఆయన మంచివాడే. సాయంత్రాలు ఇంటికి పోకుండా పిల్లల దగ్గర కూర్చునేవాడు. ఆయన నేర్పిన కిటుకు ఒకటుంది. ప్రశ్న చివరిదాకా వినకూడదు. మొదటి రెండు మాటలు వినగానే మిగతాది ఊహించి నొక్కెయ్యాలి. "మొత్తం వినేవాడు ఓడిపోతాడు" అనేవాడు. ఆ కిటుకుతోనే మండలంలో గెలిచారు, డివిజన్లో గెలిచారు, జిల్లాలో గెలిచారు. ఇక మిగిలింది రాష్ట్రం. అక్కడ గెలిచిన జట్టుకు హాస్టలుతో సహా కాలేజీలో ఉచితంగా సీటు ఇస్తారు.

జట్టులో ముగ్గురు. కెప్టెన్ నస్రీన్, తండ్రి గ్రానైటు పాలిషింగు పనికి పోతాడు. ఏసుపాదం, నోరు మూసుకోవడం చేతకాని పిల్లవాడు. భార్గవి, అందరికన్నా వేగంగా నొక్కే పిల్ల. వాళ్లు కూర్చునేది బడిలో అన్నిటికన్నా పాత గది.

ఆ గదికి ఒకరోజు ఇంజనీరు వచ్చాడు. ఇనుప కడ్డీతో స్లాబును తట్టాడు. పగిలిన కుండలా పలికింది. "లోపల కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బాయి సార్. తాళం వేసెయ్యండి" అని హెడ్మాస్టర్ కోదండపాణితో చెప్పి, గోడ మీద ఎర్రగా ఇంటూ గుర్తు గీయించి, 'ప్రమాదం, ఎవరూ ఉండరాదు' అని రాయించి వెళ్లిపోయాడు. రంగు పూస్తే తన పని అయిపోయినట్టే.

కొత్త గదులు లేవా? రెండున్నాయి. ఒకదాంట్లో ఆఫీసు. ఇంకోదాంట్లో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, కోడిగుడ్ల అట్టలు.

"గుడ్లు బయట పెడితే ఎండకు పాడైపోవూ? నేనే కదా జవాబు చెప్పుకోవాల్సింది" అన్నాడు హెడ్మాస్టర్. "అయినా మాస్టారూ, అచ్చొచ్చిన గది. మండలం నుంచి ఇక్కడే కూర్చుని గెలిచారు. ఇప్పుడు చోటు మారుస్తారా?"

సైన్సు మాస్టారు తల ఊపాడు. ఊపాడయ్యా! బరువు, బలం, గురుత్వాకర్షణ పాఠం పొద్దున్నే చెప్పి వచ్చిన మనిషి. జిల్లా అధికారులు చూడ్డానికి వస్తున్నారని ఎర్ర గుర్తు మీద 'మా విజేతలకు అభినందనలు' అని బ్యానర్ కట్టారు. కొలత పెట్టి కుట్టించినట్టు సరిగ్గా సరిపోయింది.

పోయిన వారం సాయంత్రం సాధన జరుగుతోంది. అంకయ్య మాస్టారు "సూర్యుడికి అతి దగ్గరగా..." అన్నాడు. భార్గవి ముందుకు ఉరికి మీట నొక్కింది. అప్పుడే పైనుంచి స్లాబు పెచ్చు ఊడి ఆమె కుర్చీ మీద పడింది. వీపు ఆనించి కూర్చునే చోట. కుర్చీ విరిగిపోయింది. గదంతా సున్నం దుమ్ము. మీట మీద వేలు బిగుసుకుపోయింది, నేను మోగుతూనే ఉన్నాను. ఆ దుమ్ములోంచి సన్నటి గొంతు వినిపించింది.

"బుధగ్రహం సార్."

"కరెక్ట్" అన్నాడు మాస్టారు.

అన్న తర్వాత గానీ ఆయన విరిగిన కుర్చీ వైపు చూడలేదు. ఏసుపాదం తల దులుపుకుంటూ "ఇది విజువల్ రౌండా సారూ?" అన్నాడు. "మీ తాతకంటే నీకే ముందు జుట్టు నెరిసింది గదే భార్గవీ" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. నాకు మాత్రం పైన కరకర వినిపిస్తూనే ఉంది.

ఇకనైనా గది మూస్తారనుకున్నాను. మీ సంగతి నాకు అప్పటికింకా తెలియలేదు. హెడ్మాస్టర్ పరిగెత్తుకొచ్చి కుర్చీ చూశాడు, భార్గవిని చూశాడు, నన్ను చూశాడు. "బజర్ నొక్కడానికి వంగింది కాబట్టి బతికింది! బజరే కాపాడింది. చూశారా గది మహిమ!" అన్నాడు. మర్నాడు నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు తీగల్లోకి దిగి ఆకుపచ్చ బల్బు పోయింది. నేను ఎవర్నీ కాపాడలేదు. కాపాడటం నా పని కాదు, మీ పని.

ఆ తర్వాత స్లాబు కింద నీలం టార్పాలిన్ పట్టా కట్టారు, దుమ్ము పడి పిల్లల ధ్యాస చెదరకూడదని. ఇప్పుడు పైన ఏం ఊడుతోందో ఎవరికీ కనిపించదు. పట్టా మధ్యలో పొట్టలా కిందికి దిగింది. రోజురోజుకీ ఇంకాస్త దిగుతోంది.

నస్రీన్ ఒక్కతే హెడ్మాస్టర్ ముందు నిలబడింది. "సార్, పట్టా బరువెక్కుతంది సార్. మేం వరండాలో కూర్చుని చదువుకుంటాం."

"భయపడేవాళ్లు తప్పుకోవచ్చమ్మా. నీ చోటు కోసం తొమ్మిదో తరగతిలో కాచుకుని కూర్చున్నారు."

ఆ పిల్ల అంకయ్య మాస్టారి వైపు చూసింది. ఆయన చేతిలోని ప్రశ్నల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నాడు. నస్రీన్ వచ్చి తన చోట్లో కూర్చుంది. వేలు మీట మీద పెట్టింది, కళ్లు పైకి పెట్టింది. ఆ సాయంత్రం ఒక్క ప్రశ్నకు కూడా ముందు నొక్కలేకపోయింది. "ఏందమ్మా, ధ్యాస యాడుంది?" అని మాస్టారే తిట్టాడు.

రేపు ఆదివారం. రాష్ట్రానికి పోయే ముందు సన్నాహక పోటీ అట. చుట్టుపక్కల బడుల జట్లు వస్తాయి, అమ్మానాన్నలు వస్తారు, పెద్దమనుషులు వస్తారు. అందరూ ఈ అచ్చొచ్చిన గదిలోనే. మైకు సెట్టువాడు ఇవాళే వచ్చి నిలువెత్తు బాక్సుల్ని ఈ గోడకే ఆనించి, ఒకసారి పాట పెట్టి చూసుకున్నాడు. బల్ల వణికింది. పట్టాలో ఏదో దొర్లింది. రెండు రోజులుగా వాన ఆగలేదు. కరకర ఇప్పుడు ఆగి ఆగి కాదు, వరసగా వస్తోంది. పట్టా అంచు నుంచి సన్నగా ఇసుక నా మీద రాలుతోంది.

వినండి. ఈసారి చివరిదాకా వినండి.

అంకయ్య మాస్టారూ, గది తాళం మీ జేబులో ఉంది. వెళ్లి వెయ్యండి. ఎవర్నీ అడక్కండి. కోదండపాణి గారూ, బ్యానర్ పీకెయ్యండి, వచ్చేవాళ్లందరూ ఎర్ర గుర్తు చూడాలి. గుడ్లు బయటికి ఎత్తించి పిల్లల్ని కొత్త గదిలో కూర్చోబెట్టండి. ఇంజనీరు గారూ, రంగు డబ్బా చాలదు, కూల్చే మనుషుల్ని వెంటబెట్టుకుని రండి. తల్లులారా, తండ్రులారా, రేపు చప్పట్లు కొట్టడానికి కాదు, గేటు దగ్గర అడ్డంగా కూర్చోవడానికి రండి. నస్రీన్‌ను జట్టులోంచి తీసేస్తామని ఎవడైనా అంటే ఊరంతా కలిసి నిలదీయండి.

ఇంకొక మాట. మరలు విప్పి నన్ను తెచ్చుకుందామని ఎవరూ లోపలికి రాకండి. మస్తాను ఇంకో పెట్టె చేసిస్తాడు. బయటి నుంచే కూల్చండి. నేను లోపల ఉండగానే కూల్చండి. ఇవాళే.