భీమన్న గొడ్డలి కామ

ఒకడికి పేకాట పిచ్చి, ఇంకొకడికి పొట్టేళ్ళ పిచ్చి. శ్రవణ్ కుమార్‌కు గొడ్డళ్ళ పిచ్చి. గద్వాలలో అతనికి మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు గుమ్మం ముందు పడి ఉంటాయి కాబట్టి అది మోటార్ల షాపని తెలుస్తుంది గానీ, లోపలికి అడుగు పెట్టినవాడు మాత్రం ఒక్క క్షణం వెనక్కి తగ్గాల్సిందే. గోడల నిండా గొడ్డళ్ళు, కత్తులు, కొడవళ్ళు. కల్లు గీసే కత్తి, రాయచూరు సంతలో దొరికిన కొబ్బరికాయల కత్తి, మేకలకు కొమ్మలు దించే దోటి కొడవలి, ఏ కాలానిదో తెలియని వేటకత్తి. ఎవరి మీదికి యుద్ధానికి పోతున్నావని అడగనివాడు పాపాత్ముడు.

వీటిని తెచ్చి ఊరికే వేలాడదీసేవాడు కాదతను. తుప్పు గీకి, నూనె పట్టించి, సాన పట్టి, కొత్త పిడి వేసేవాడు. మోటార్లలోంచి తీసిన ఇత్తడి ముక్కలతో మేకులు చేసేవాడు. వైండింగ్‌లో మిగిలిన రాగితీగను పట్టు జారకుండా పిడి చుట్టూ చుట్టేవాడు. ఆ ఫోటోలు ఫోనులో చూసి, అడవుల్లో డేరాలు వేసుకునే హైదరాబాదు పిల్లలు ఒకటి ఇమ్మని వెంటపడేవాళ్ళు. నచ్చినవాడికి ఇచ్చేవాడు, నచ్చనివాడికి లేదనేవాడు. "ఇంటికి గొడ్డలి తెస్తే పొయ్యిలకు కట్టెలన్న కొట్టాలె. నువ్వేందో దానికి నగలు చేపిస్తవ్," అని పక్కన చాయ్ డబ్బా నడిపే నాగేంద్రమ్మ నవ్వేది. అతను కూడా నవ్వేవాడు.

పాన్‌గల్ దిక్కు నుంచీ, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచీ పాత సామాను కొనేవాళ్ళు అతని కోసం గొడ్డళ్ళు తీసిపెట్టేవాళ్ళు. వచ్చినవన్నీ ఒట్టి ఇనుపముక్కలుగానే వచ్చేవి. కామ, అంటే గొడ్డలికి ఉండే కర్రపిడి, ఒక్కదానికీ ఉండేది కాదు. ఎందుకు లేదని శ్రవణ్ ఎన్నడూ అడగలేదు. లేకపోవడమే అతనికి పండగ, కొత్తది చేసుకోవచ్చు కదా.

అతనికి అన్న ఒకడున్నాడు, భీమన్న. ధరూర్ మండలంలో వాళ్ళ ఊరు. తండ్రి పోయేనాటికి శ్రవణ్ బడికి పోయే పిల్లవాడు. భీమన్నే అతన్ని సాకి, ఐటీఐ చదివించి, షాపు పెట్టించాడు. తను మాత్రం వరి, పత్తి, కంచెలు, కట్టెలతోనే ఉండిపోయాడు. ఊళ్ళో పెళ్ళి అంటే వంటకట్టెలు చీల్చేది భీమన్నే. తుమ్మ మొద్దు ఎంత మొండిదైనా అతని గొడ్డలికి లొంగేది. ఆ గొడ్డలికి తుమ్మకామ తనే చెక్కుకున్నాడు. ఏళ్ళ తరబడి పట్టిపట్టి అది నల్లబడి నున్నగా అయింది, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడింది.

పోయిన వరికోతలకు ముందు పొలం గట్టు మీదే భీమన్నకు పక్షవాతం వచ్చింది. మాట కొంచెం ముద్దగా మిగిలింది, కాలు ఈడ్చుకుంటూనైనా నడిచింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. రోజూ చేతికి పని పెడితే మెల్లగా రావచ్చని దవాఖానలో చెప్పి ఒక రబ్బరు బంతి ఇచ్చారు. "ఇది పోరగాండ్ల ఆట. నా చెయ్యికి నా గొడ్డలి తెల్సు," అని భీమన్న దాన్ని అవతల పారేశాడు. అప్పటినుంచి పొద్దున్నే భార్య హన్మమ్మ గొడ్డలి తెచ్చి అతని ఒడిలో అడ్డంగా పెట్టి, కుడిచేతి వేళ్ళను కామ చుట్టూ మూసి పట్టుకునేది. అతను కళ్ళు మూసుకుని, ఆ వేళ్ళ కోసం తనలో తాను వెతుక్కుంటూ కూర్చునేవాడు.

ఒకరోజు హన్మమ్మ ఫోను చేసింది.

"శ్రవణా, మీ అన్నకు బొటనేలు కాడ జర తెలుస్తున్నదంట. ఆ గుంట తెలుస్తున్నదంట."

శ్రవణ్‌కు కాలు నేల మీద నిలవలేదు. ఆ రోజు వచ్చిన మోటారును పక్కకు నెట్టి ఆలోచనలో పడ్డాడు. బరువైన తుమ్మకామకే ఇంత తెలిస్తే, తేలికైన కామకు ఇంకెంత తెలియాలి? పొట్టిగా, వేపకర్రతో చేసి, వేళ్ళ కింద గరుకుగా తగిలేటట్టు రాగితీగ చుడితే? తనకు తెలిసిన విద్య అంతా ఇన్నాళ్ళకు అన్న చేతికి పనికొస్తుందనుకున్నాడు. మంచికే అనుకున్నాడు. మనవాళ్ళు చేసే పాడుపనుల్లో సగం మంచికే అనుకుని చేసినవే.

మరుసటి వారం భీమన్నను దవాఖానలో చూపించడానికి గద్వాల తీసుకొచ్చినప్పుడు, తిరిగి ఇంట్లో దిగబెట్టి వస్తూ శ్రవణ్ గొడ్డలి అందుకున్నాడు.

"సాన పట్టి తెస్త వదినా."

"జల్ది తేవాలె," అంది హన్మమ్మ. అంతకంటే చెప్పాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు.

షాపులో ఆ కామ ఒక పట్టాన రాలేదు. ఎన్ని దెబ్బలు వేసినా కదలలేదు. చివరికి ఇనుము దగ్గర రంపం పెట్టి కోసేశాడు. కన్నంలో మిగిలిన ముక్కను బెజ్జాలు వేసి తోడేశాడు. పొడుగు కర్రను చెక్కముక్కల డబ్బాలోకి విసిరి, ఈల వేసుకుంటూ వేపకర్ర చెక్కడం మొదలుపెట్టాడు. ముద్దుగా తయారైంది గొడ్డలి. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు. ఇంత మంచిది ఇంతవరకు చేయలేదనుకుని, బండెక్కి ఊరికి తీసుకుపోయాడు.

భీమన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడు గొడ్డలిని ఒడిలో పెట్టగానే ఎడమచేత్తో రాగితీగను తడిమాడు.

"మంచిగున్నది. పెండ్లికొడుకు లెక్క చేసినవ్," అన్నాడు. తర్వాత తలెత్తాడు. "నా కామ యాడుందిరా?"

"షాపులున్నదన్నా."

"ఇరిగిందా?"

"లేదన్నా, నేనే తీసిన."

భీమన్న ముఖం తిప్పుకున్నాడు. గొడ్డలి వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు. ఎదురుగా దారిలో పోతున్న ఆటోను అది కనుమరుగయ్యేదాకా చూశాడు. హన్మమ్మ వచ్చి శ్రవణ్ రెక్క పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కుపోయింది.

"బతికున్నోని గొడ్డలికి కామ ఊడగొడ్తర్రా ఎవరన్న? మీ నాయన పోయిననాడు నువ్వు లేవా? సూడలేదా?"

ఉన్నాడు. చూశాడు. పాడె లేవకముందు చిన్నాయన తండ్రి గొడ్డలిని తిరగేసి రాతికి కొట్టి కొట్టి కామ ఊడదీశాడు. దాన్ని తండ్రి పక్కన పెట్టి, ఇనుమును భీమన్న చేతికిచ్చాడు. మనిషి కామ మనిషితోనే పోవాలని వాళ్ళ వైపు పట్టింపు. బతికుండగా విరిగితే ఎవరి కామ వాళ్ళే మార్చుకుంటారు. ఇంకొకరు ఊడగొట్టేది ఒక్కసారే. చిన్నప్పుడు కళ్ళారా చూసిన సంగతి ఇన్నేళ్ళలో ఎటు పోయిందో అతనికే తెలియదు.

తల తీసి మొలేసినట్టయింది శ్రవణ్‌కు. తన షాపు గోడల నిండా ఉన్నవి ఎవరి గొడ్డళ్ళో, అవి కామలు లేకుండా ఎందుకు వచ్చాయో అప్పుడు గానీ అతని బుర్రకు ఎక్కలేదు. అన్నీ పోయినవాళ్ళవి. ఇన్నింటికి పిడులు వేసిన తను, తన చేత్తో ఊడదీసింది మాత్రం అన్న కామ ఒక్కటే.

"వదినా, కోసిన గని కర్ర ఉన్నది. మళ్ళ దాన్నే ఎక్కిస్త. జర పొట్టిగైతది గంతే."

"ఎట్లన్న చెయ్యి. ఆ కర్రనే తేవాలె. ఆయన పానం దాంట్ల పెట్టుకున్నడు."

బండి ఎట్లా తోలాడో తెలియదు, షాపు తెరిచి డబ్బా దగ్గరికి పరుగెత్తాడు. డబ్బా ఖాళీగా ఉంది. బయటికి వచ్చి నాగేంద్రమ్మను అడిగాడు.

"ఎప్పటి లెక్కనే నేనే తీస్కపోయిన. ఏమైంది నాయనా?" అందామె. "అండ్ల తుమ్మకట్టె ఒకటుండె, మస్తు మండింది."

ఆమెనేమంటాడు? ఆ చెక్కముక్కలు తీసుకుపొమ్మని రోజూ చెప్పింది తనే. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బూడిద కెలికాడు. చాయ్ తాగేవాళ్ళు ఉంగరం పోయిందేమో అనుకున్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అయినా పట్టుకున్నాడు. ఊరికి వెళ్ళి, అన్నకు తెలియకుండా వాళ్ళ చేను గట్టు మీది తుమ్మకొమ్మ కొట్టుకొచ్చాడు. పాత ఫోటోల్లో అన్న భుజం మీద కనబడిన కామను పెద్దది చేసి చూసి కొలతలు తీశాడు. చెక్కాడు, గాజుపెంకుతో గీకాడు, ఆముదం పట్టించి సన్నటి సెగ మీద తిప్పాడు, మసి రుద్దాడు, తుడిచాడు, మళ్ళీ రుద్దాడు. కొత్తదాన్ని పాతదని అంటగట్టేవాళ్ళను దొంగలని తిట్టేవాడు ఒకప్పుడు. ఇప్పుడు వాళ్ళలో తనకంటే మొనగాడు లేడు. చివరికి బొటనవేలి గుంట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంత లోతు? ఎంత వాలు? ఎన్నోసార్లు పట్టుకున్న కామే, కానీ పట్టుకున్నది తన బొటనవేలితో. అందాజుగా గీకాడు.

ఈలోగా ఊరి నుంచి ఫోన్లు. అన్న అన్నం సరిగా తినడం లేదట. కుడిచెయ్యి ముట్టనివ్వడం లేదట. "తమ్మి తెస్తడు. తెచ్చినంక సూస్త," అంటున్నాడట.

పొద్దు ఎక్కకముందే శ్రవణ్ ఊళ్ళో దిగాడు. హన్మమ్మ ఎదురొచ్చి గొడ్డలి అందుకుంది. రోజూ తుడిచి పెట్టిన చేతులు కదా. కామ మీద అరచెయ్యి ఒకసారి నడిపి ఆగింది. శ్రవణ్ కళ్ళలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె కొంగుతో ఇనుము తుడిచి, తీసుకుపోయి భర్త ఒడిలో పెట్టింది.

భీమన్న చూశాడు. ముఖంలోకి రక్తం వచ్చినట్టయింది.

"జర పొట్టిగైంది," అన్నాడు.

"కోసిన గదన్నా. మెడ కాడ పోయింది."

"పోనియ్యి. ఇంట్లున్నది, సాలు."

ఆ మాటకు శ్రవణ్ ప్రాణం లేచి వచ్చింది. గండం గడిచిందనే అనుకున్నాడు. హన్మమ్మ ఎప్పటిలాగే కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే వంచి కామ చుట్టూ మూసింది. బొటనవేలిని గుంటలో ఆనించి తన చేత్తో అదిమి పట్టుకుంది. భీమన్న కళ్ళు మూసుకున్నాడు. పక్కింటి మేకపిల్ల అరుగెక్కి, ఎవరూ అదిలించకపోతే తనే దిగిపోయింది.

"తెలుస్తున్నదా అన్నా?"

భీమన్న తల అడ్డంగా ఊపాడు.

"జర సేపు సూడు. శానా దినాలైంది గద."

చూశాడు. నొసట చెమట పట్టింది, మెడ నరాలు తేలాయి. వేళ్ళు హన్మమ్మ చేతి కింద ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. కళ్ళు తెరిచి చాలాసేపు తన చెయ్యినే చూసుకున్నాడు. అందులో కోపం లేదు. దారి తప్పి వచ్చిన పశువు ఎవరిదా అని చూసినట్టు చూశాడు.

"తమ్మీ, నిజం చెప్పు. ఇది నా కామనే గదరా?"

కాదంటే, అన్న కామ అన్న కంటే ముందే బూడిదైందని చెప్పాలి. అది విని బతికే మనిషి కాదు. అవునంటే, ఏళ్ళ తరబడి పట్టిన తన కామనే ఆ చెయ్యి గుర్తుపట్టలేదని అర్థం. అసలు కామ అయ్యుంటే తెలిసేదేమో. తెలియకపోయేదేమో. ఆ సంగతి ఇక ఈ జన్మలో ఎవరికీ తెలియదు. సాయం కోసం వదినె వైపు చూశాడు. ఆమె వేళ్ళను అదిమి పట్టుకునే ఉంది, తల మాత్రం అవతలికి తిప్పుకుంది.

"నీదే అన్నా," అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టన్నా. నీదే."

భీమన్న మెల్లగా తల ఊపాడు. తమ్ముడు ఎన్నడూ తనకు అబద్ధం చెప్పలేదు.

"గట్లయితే చెయ్యే పోయింది," అన్నాడు.

ఎడమచేత్తో హన్మమ్మ చెయ్యి పక్కకు తీశాడు. కుడిచేతి వేళ్ళను కామ మీద నుంచి తనే విప్పి, ఆ చేతిని ఎత్తి ఒడిలో పెట్టుకున్నాడు.

"లోపల పెట్టు దీన్ని," అన్నాడు భార్యతో. "రేపటి సంది తేకు."