పంతొమ్మిది తప్పులు

నేను ఒక పియానోను. గోడకు ఆనించి నిలబెట్టే రకం. నన్ను లండన్‌లో ఒక కార్ఖానాలో చేశారు. వేడి దేశాల్లో జిగురు నిలవదని నా చెక్కలను ఇత్తడి మరలతో బిగించారు. నాకు ఎనభై ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టు వెనక ఉన్ని తొడిగిన సుత్తి, దాని ఎదురుగా తీగలు. మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. నా పని ఇంతే. ఎవరు నొక్కారో తెలుస్తుంది కానీ, వాళ్ల గురించి ఎవరికైనా చెప్పే వీలు నాకు లేదు.

మద్రాసు రేవులో దిగి, ఒక ఇంజనీరు దొర ఇంట్లో పదకొండేళ్లు ఉన్నాను. ఆయన భార్య నా మీద ఫోటోలు పెట్టుకుంది. వాయించింది తక్కువ. వాళ్లు దేశం వదిలి వెళ్లేటప్పుడు ఓడలో కుక్కకు చోటు దొరికింది, నాకు దొరకలేదు. అలా సికింద్రాబాదులో ఒక రైల్వే క్లబ్బు హాలుకు చేరాను.

అక్కడ నన్ను ఇద్దరు పంచుకున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దునపూట లీలావతి టీచర్. శనివారం సాయంత్రం బ్యాండుతో కలిసి డాన్సులకు వాయించే ఫెలిక్స్ దేవసహాయం.

లీలావతి టీచర్ నెల్లూరు మిషన్ బడిలో చదివి, మద్రాసులో పియానో పరీక్షలు పాసై వచ్చింది. ఏడాదికోసారి లండన్ నుంచి ఒక దొర వచ్చి పిల్లలకు పరీక్ష పెట్టేవాడు. పిల్లలను దానికి తయారు చేయడం ఆవిడ పని. పిల్ల వాయిస్తుంటే పక్క కుర్చీలో కూర్చుని పేజీ మీద పెన్సిల్ పెట్టుకునేది. తప్పిన స్వరం చుట్టూ సున్నా చుట్టి, దాని పైన ఆ పిల్ల నిజంగా ఏం వాయించిందో చిన్నగా రాసేది.

"తప్పు యాడ చేశావో తెలిస్తే చాలదు. ఏం చేశావో తెలియాల" అనేది.

ఫెలిక్స్ రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టర్. కాగితం మీద రాసిన స్వరాలు, అంటే నోటేషన్, చదవడం చిన్నప్పుడు చర్చి ఆర్గాన్ దగ్గర నేర్చుకున్నాడు. జాజ్ మాత్రం ఒక గార్డు ఇంట్లో రికార్డులు విని నేర్చుకున్నాడు. ఒక పాట ఎత్తుకుంటే మొదటిసారి ఉన్నది ఉన్నట్టు వాయించేవాడు. రెండోసారి దారి మార్చేవాడు. మూడోసారి ఎటు పోతాడో నాకూ తెలిసేది కాదు. ఇంట్లో పియానో లేదు. వారానికి ఆ మూడు గంటలే ఆయనకు పియానో.

సోమవారం టీచర్ రాగానే నా మెట్లను స్పిరిట్ గుడ్డతో తుడిచేది. "శనివారం కంపు" అనేది పిల్లలతో. ఫెలిక్స్ మాత్రం రాత్రి డ్యూటీ దిగిన రోజుల్లో కిటికీ బయట సైకిల్ ఆపి ఆవిడ వాయించేది వినేవాడు. ఒకసారి ఆవిడ చూసింది.

"ఏం కావాల?"

"ఏం లేదు మేడమ్, వింటున్న. మీ ఎడమ చెయ్యి గడియారం లెక్క నడుస్తది."

"మరి మీది?"

"మాది లేటుగ నడిచే పాసింజర్ మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "అది సంగీతం కాదు నాయనా. పాఠం ఎగ్గొట్టినోళ్ల ఆట."

ఆ ఏడు ఎండాకాలంలో నా తీగలు రెండు తెగాయి. మద్రాసు నుంచి మనిషిని పిలిపించాల్సి వచ్చింది. క్లబ్బు సెక్రటరీ పాండురంగం విసుక్కున్నాడు. "ఇంకొక్క రిపేరు నా చెవిల పడ్డదంటే దీన్ని అమ్మేసి క్యారమ్ బోర్డులు కొంట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

తీగలు తెగింది శనివారం వాళ్ల వల్లేనని టీచర్ కమిటీకి అర్జీ పెట్టింది. నోటేషన్ చదవడం రాని మనిషి చేతికి పియానో ఇవ్వకూడదని అందులో రాసింది. చదవడం వచ్చని ఫెలిక్స్ చెప్పాడు. కమిటీలో ఎవరికీ నోటేషన్ తెలియదు. అందుకని, ముందు చూడని పేజీ ఒకటి ఫెలిక్స్ వాయించాలి, తప్పొప్పులు టీచరే చెప్పాలి అని తీర్మానించారు. ఫిర్యాదు చేసిన మనిషినే జడ్జిగా పెట్టడం వాళ్లకు వింతగా తోచలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, చర్చి అయ్యాక అందరూ హాలుకు వచ్చారు. అప్పటికి మూడు రోజులుగా వాన. నా చెక్క ఉబ్బింది. నడిమి భాగంలో 'జీ' అనే మెట్టు సుత్తి బిగుసుకుపోయింది. ముందురోజు సాయంత్రం పలికింది. ఆ పొద్దున పలకదు. అది నాకొక్కదానికే తెలుసు.

టీచర్ తన పుస్తకంలోంచి ఒక పేజీ నా ముందు పెట్టింది. అదే పేజీ ఇంకో ప్రతి ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ తీసి కూర్చుంది. ఫెలిక్స్ చేతులు తుడుచుకుని మొదలుపెట్టాడు. మొదటి వరుసలోనే ఆయన వేలు ఆ మెట్టు మీద పడింది. చప్పుడు లేదు. అదే క్షణంలో ఆయన బొటనవేలు పక్కకు జరిగి ఇంకో స్వరం పలికించింది. ఆ తర్వాత ఆ మెట్టును ఆయన మళ్లీ ముట్టలేదు. అది వచ్చిన ప్రతిచోటా దారి మార్చాడు. ఒకచోట పైకి పోయాడు, ఒకచోట ఎడమ చేత్తో అందుకున్నాడు. వినేవాళ్లకు ఎక్కడా ఖాళీ తెలియలేదు. టీచర్‌కూ తెలియలేదు. ఆవిడ పేజీని చూస్తోంది, చేతులను చూడలేదు.

అయ్యాక ఆవిడ లెక్కపెట్టింది. "పంతొమ్మిది తప్పులు. పేజీలో ఉండేది వాయించారా మీరు?"

"లేదు మేడమ్."

పాండురంగం ముందుకు వంగాడు. "ఏం ఫెలిక్సూ, పియానోల ఏమన్న ఖరాబయిందా?"

ఫెలిక్స్ నా మెట్ల వంక చూశాడు. అవునంటే ఆయన గెలుస్తాడు, నేను క్యారమ్ బోర్డులనవుతాను. ఆ మెట్టును ఎవరైనా ఒకసారి నొక్కి చూసినా చాలు, సంగతి బయటపడేది. నొక్కకుండా నేనేమీ చెప్పలేను.

"పియానోకేం సార్, మంచిగుంది. నా చెయ్యే తప్పింది."

బ్యాండు వాళ్లు పియానో తాకరాదని ఉత్తర్వు రాశారు. కింద పాండురంగం, లీలావతి టీచర్ సంతకాలు చేశారు.

మరునాడు కూడా వాన. టీచర్ మెట్లు తుడిచి, పాఠం మొదలుపెట్టి ఆగింది. ఆ మెట్టును ఒక వేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. పిల్లలను ఇంటికి పంపేసి, నిన్నటి పేజీ తీసి చూసింది. పంతొమ్మిది సున్నాలూ ఒకే స్వరం చుట్టూ ఉన్నాయి.

ఆవిడ పాండురంగం గదికి వెళ్లింది. తలుపు తీసే ఉంది, నాకు వినిపించింది.

"శనివారాలు పియానో మళ్లీ వాళ్లకే ఇచ్చేయండి సార్."

"అర్జీ పెట్టింది మీరే కద మేడమ్! గిప్పుడేమైంది?"

ఏమైందో చెబితే నన్ను అమ్మేస్తారు. ఆవిడ పిల్లలు పదకొండు మందికి నవంబరులో పరీక్ష. "ఏం లేదు" అంది.

"బ్యాండోళ్లు అకార్డియన్ తెచ్చుకుంటరంట. మంచిగనే నడుస్తది. ఇడిసిపెట్టండి."

ఆ వారంలోనే ఫెలిక్స్‌కు కబురు పెట్టింది. ఆయన మధ్యాహ్నం షెడ్డు బట్టలతోనే వచ్చాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ పిల్లలు దేని మీద వాయిస్తరు మేడమ్?"

"కూర్చోండి. ఎట్ట వాయించారో చూపించండి. ఎవరూ లేరు."

"ఆర్డరుంది మేడమ్. మీ సంతకం గూడ ఉంది."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడే వాయించింది. ఆ మెట్టు రాగానే వేలు దాని మీదికే పోయింది. "పైకి పోండి" అన్నాడు. పోలేకపోయింది. "కాగితం చూడకుండ్రి" అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. చేతులు ఆగిపోయాయి.

"ముప్పై ఏళ్ల నించి వాయిస్తున్నాను" అంది.

"తెలుసు మేడమ్. ఎన్నో పొద్దులు విన్న" అన్నాడు. షెడ్డు సైరన్ మోగితే వెళ్లిపోయాడు.

ఆ చలికాలం ఆయన్ను కాజీపేటకు బదిలీ చేశారు. అక్కడ పియానో లేదని డ్రమ్ములు వాయించేవాడు చెప్పగా విన్నాను.

నా మెట్టు ఎండకు మామూలైంది. మళ్లీ వానలకు బిగిసింది. ఆ రెండో వానాకాలం టీచర్ ఒక రూళ్ల కాగితం తెచ్చి, పాత పేజీ పక్కన పెట్టుకుంది. పాఠమంతా దించుకుంటూ, పంతొమ్మిది సున్నాల చోట వాటి పైన తాను రాసుకున్నవన్నీ ఒక్కొక్కటిగా సిరాతో ఎత్తి రాసింది. పైన ఫెలిక్స్ దేవసహాయం అని పేరు పెట్టింది. వానలు పడ్డ రోజుల్లో పిల్లల చేత అదే వాయింపించేది.

నేనిప్పుడు ఒక బడి సామాన్ల గదిలో ఉన్నాను. నా మీద సుద్దముక్కల పెట్టెలు పెట్టారు. ఆ పాఠాన్ని క్లబ్బులో పదకొండేళ్లు విన్నాను. పిల్లలు బాగా నేర్చుకున్నారు. ఎవరైనా అందులో ఒక్క స్వరం మారిస్తే టీచర్ అక్కడే ఆపి, "ఆయన రాసింది అది కాదు" అని మళ్లీ మొదటినుంచి వాయించమనేది.

ఆయన ఏమీ రాయలేదు. రెండోసారి వాయించి ఉంటే అది ఇంకోలా ఉండేది. ఎవరైనా నన్ను అడిగితే చెప్పేదాన్నేమో. పియానోను ఎవరూ అడగరు.