మామూలు ఏడాది

ఆరోగ్యశాఖ ఆఫీసులో జబ్బుల లెక్క చూసే ఆమె, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, విరేచనాలతో ఎందరు వచ్చారని ఆసుపత్రి నర్సును అడుగుతూ, నర్సు చెప్పిన అంకెను కంప్యూటరులో ఎక్కిస్తోంది. ప్రతి సోమవారం ఇదే పని. ఒక్కో పేటకు ఒక్కో పటం; ఈ వారపు రోగుల సంఖ్య అందులో ఒక నల్లచుక్క. గడిచిన అయిదేళ్ళలో ఇదే కాలానికి ఎందరు జబ్బుపడ్డారో చూసి యంత్రం పైన ఎర్రగీత గీస్తుంది. చుక్క గీత దాటితే హెచ్చరిక పంపాలి. దాటకపోతే టీ తాగవచ్చు.

"పులొచ్చిందా అక్కా?" అంటూ అటెండరు గ్లాసు పెట్టాడు.

నిరుడు ఆమె హెచ్చరికతో ఒక పేటకు నీళ్ళు ఆపించారు. జబ్బు రాలేదు. అప్పటినుంచి ఆమె ఆఫీసంతటికీ పులి అక్క.

"వచ్చాక చెప్పడానికి నేనెందుకురా, జనం అరుపులు చాలవూ?"

బస్సు డిపో వెనక పేటలో చుక్కలు మూడు వారాలుగా మెట్లెక్కుతున్నాయి. అయినా గీతకు వెంట్రుకవాసి కిందే ఆగాయి. గీత అంత ఎత్తున ఎందుకుందో ఆమెకు తెలుసు. ఆ అయిదేళ్ళలో ఒకటి కలరా ఏడు, ఇంటికొకరు మంచానపడిన ఏడు. దాన్నీ మామూలు ఏళ్ళతో కలిపేశారు. అప్పటి రోగులే గీతను ఎత్తిపట్టుకుంటే, కొత్త జబ్బు దాని నీడన నడిచివస్తోంది.

ఆ ఏడు పోయినవారిలో ఆమె చెల్లెలు ఉంది. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు. చెబితే లెక్కలో కన్నీళ్ళు కలిశాయంటారు. ఇప్పుడామె తన్ను తానే అడిగింది: చెల్లెలు బతికి ఉంటే ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేసేదానివా? తీసేసేదాన్నే, అనుకుంది చివరకు. ఇంత మొండిగా కాదేమో. మొండితనం చెల్లెలి వల్ల వచ్చింది, లెక్క తనది.

ఏడాదిని తీసేసింది. గీత దిగింది. చుక్కలు మూడూ పైకి తేలాయి.

ఆఫీసరుకు ఆమె అల్లుడి వయసు. పటం చూసి పెదవి విరిచాడు.

"మీకు నచ్చని ఏడాది మీరు తీసేస్తే, రేపు నాకు నచ్చనిది నేను తీసేస్తాను. ఇక లెక్కెందుకు మేడమ్?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. దానికామె కాసేపు తల వంచింది. ఆ తరవాత ఎత్తింది.

"నచ్చక కాదు సార్. జనం పిట్టల్లా రాలిన ఏడు మామూలు ఏడెలా అవుతుంది?"

"నిరుడూ ఇంతే. నీళ్ళు ఆపించాం, ఏమీ కాలేదు. ఖాళీ బకెట్లతో నా మీదకొచ్చారు."

"వచ్చి తిట్టారంటే బతికే ఉన్నారు కదా సార్."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. "పంపితే మీ పేరుతో పంపుకోండి. పైవాళ్ళు అడిగితే మిమ్మల్ని నేను కాపాడలేను."

"అలాగే సార్."

తన పేరుతోనే పంపింది. తాను గెలిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఓడిపోయావంటారు. ఈ ఉద్యోగపు ధర్మం ఇదేనని ఆమెకు ఏనాడో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన చేదు తగ్గలేదు.

మధ్యాహ్నానికి డిపో వెనక కుళాయిలు కట్టేశారు. సాయంత్రానికి, నీటి పరీక్ష ఫలితం రాకముందే, ఆమెను మందుల గోదాముకు మారుస్తూ పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

"వెళ్ళేముందు ఆ ఏడాదిని మళ్ళీ పెట్టేయండి మేడమ్," అన్నాడు ఆఫీసరు, ముఖం చూడకుండా.

"నా చేత్తో పెట్టను. మీకది మామూలుగా కనబడితే మీరే పెట్టుకోండి."

సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి ఆ పేట మీదుగానే వెళ్ళింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఎవతో ఆఫీసులో కూర్చుని కట్టించిందంట. దాని చేతులు విరగ!" అంటోంది ఒక ముసలమ్మ.

"ఆ చేతులు ఇవే పెద్దమ్మా," అని ఆమె రెండు చేతులూ చాపింది. "విరగాలనే తిట్టు. ట్యాంకరు నీళ్ళయినా సరే, కాచుకుని తాగి మరీ తిట్టు."

ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "తాగుతాలే. గొంతు తడవకుండా తిట్టేదెలా?"

ట్యాంకరు హారను వినబడగానే అందరూ వీధి చివరికి పరుగెత్తారు. ఆమె తన దారిన తాను వెళ్ళిపోయింది. కట్టేసిన కుళాయి కింద ఎవరిదో నీలం బకెట్టు, నోరు తెరుచుకుని, అడుగు పొడిగా, అక్కడే ఉండిపోయింది.