అందరూ వచ్చిన రోజు

ఆ పొద్దున మబ్బులు సముద్రం మీంచి లేచి, వాన కురవకుండా, ఎండ రానివ్వకుండా తట్టాంచావడి ఫ్యాక్టరీ షెడ్ల మీదుగా పడమటికి ఉరుకుతున్నాయి. బాలవాడి నడిపే వేదవల్లి దాని గడపలో నిలబడి ఆకాశం వంక చూసింది, రోడ్డు వంక చూసింది, లోపలికి పోయి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు పిల్లల్ని వదిలిపోయే చోటు అది. ఇన్నాళ్ళూ దాన్ని పోషించిన దాతలు ఈ ఏడు చేతులెత్తేశారు. చెన్నైలోని ఒక కంపెనీ తన సేవానిధిలోంచి సాయం చేసే ఆలోచనతో, చూసి రమ్మని ఒకామెను పంపుతోంది. ఆమెకు మనసు కుదిరితే బాలవాడి నిలుస్తుంది. లేదంటే వచ్చే నెల తాళమే.

"రేపు పెద్దవాళ్ళొస్తారు, బిడ్డల్ని శుభ్రంగా తేండి" అని వేదవల్లి ముందురోజే తల్లులకు చెప్పింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

బిడ్డలు వచ్చారు. తల్లులూ వచ్చారు. వచ్చినవాళ్ళు పోలేదు. పట్టుచీరలు కట్టి, కనకాంబరాలు ముడుచుకున్నారు. కయల్విళి ఒక చంకలో కొడుకునీ, ఇంకో చేత సాంబారు గిన్నెనీ పట్టుకుని ఆటో దిగింది.

"ఏంది ఇది? పనికి పోలా?" అంది వేదవల్లి.

"లీవు పెట్టేసినామక్కా. మన యింటికి పెద్దమనిషి వస్తావుంటే మనం పోయి మిషన్ ముందర కూర్చుంటే మర్యాదా?"

"అందరూనా?"

"మా సూపర్వైజరు అరిచినాడు, అరిస్తే అరవనీ" అని నవ్వింది ఇంకో తల్లి అన్నమ్మాళ్. "వాడి మొగానికి ఈ చీర కట్టినానా ఏంది?"

వేదవల్లి రోడ్డు వంక చూసింది. పోండని చెప్పేలోగా కారు వచ్చి ఆగింది.

కంపెనీ పంపిన హేమమాలిని కుర్చీలో కూర్చుని గది నలుమూలలా చూసింది. ఉయ్యాలలన్నీ ఖాళీ. ప్రతి బిడ్డా తల్లి ఒడిలోనే ఉంది. వేదవల్లి గబగబా పోయి కయల్విళి కొడుకు ముందు చేతులు చాచింది. దినమూ ఆమె మెడ వదలని వాడు, ఈ రోజు అమ్మ పైట పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చాడు.

"ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందా?" అంది హేమమాలిని.

"లేదు మేడం. మామూలుగా వీళ్ళెవరూ ఉండరు. మీకోసరమని..."

"నాకోసం పని మానుకునేవాళ్ళు..." అని ఆమె ఆగిపోయింది. బిడ్డల్ని తామే చూసుకోలేరా అన్న మిగతా మాట అనకుండానే వేదవల్లికి వినబడింది.

"రేపు చెప్పకుండా రండి మేడం. వాకిట్లోనే నిలబడి చూడండి."

"రేపు చెన్నైలో ఉంటానమ్మా. ఇప్పుడు కాలాపేటలో ఇంకో బాలవాడి చూడాలి."

వేదవల్లి తల్లుల వైపు తిరిగింది. "పోండే! ఇప్పుడే పోండి పనికి!"

"యాడికి పోయేదక్కా?" అంది కయల్విళి. "ఫ్యాక్టరీ గేటు మూసేసుంటారు."

"తిని పోండి మేడం, పాయసం చేసినాం" అంది అన్నమ్మాళ్. హేమమాలిని చేతులు జోడించి, టైము లేదని కారెక్కింది. ఏ సంగతీ తర్వాత చెబుతామంది. ఇదే మాట వేదవల్లి దాతల దగ్గరా విన్నది, వాళ్ళు చేతులెత్తేసే ముందు.

కారు మలుపు తిరిగాక కయల్విళి మెల్లగా అడిగింది: "మేమేం తప్పు చేసినామక్కా?"

వేదవల్లి అరిటాకుల కట్ట తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"ఏం చేయలేదు. ఆకులు పరుచు. బిడ్డలకు ఆకలిగా ఉంటుంది."

నేల మీద వరసగా కూర్చున్నారు. గాలికి ఆకుల అంచులు లేస్తుంటే ఎడమచేత్తో అదిమిపట్టి, బిడ్డల నోటికి ఒక ముద్ద, తమ నోటికి ఒక ముద్ద పెట్టుకున్నారు. సాంబారు వడ్డించేటప్పుడు కూడా ఎవరూ చాలుననలేదు, ఇంకొంచెం అనీ అనలేదు.