అన్నీ ఎడమ చేతులే

మా తోడికోడలు ఏడో తరగతి తప్పింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే కుళ్లుతో చెబుతున్నాననుకుంటారు. కుళ్లుతోనే చెబుతున్నాను లెండి, అయినా నిజం నిజమే. మా ఇంట్లో చదువంటే నేను. ఏ దరఖాస్తు నింపాలన్నా, ఎవరికి అర్జీ పెట్టాలన్నా మా అత్తగారు "పెద్దదాన్ని పిలవండి" అనేది. నా చేతిరాత అచ్చు వేసినట్టుంటుందని మా మరిది పదిమందికీ చూపించేవాడు. అలాంటి నేను, ఆ మరిది పెళ్లాం పక్కనే బెంచీ మీద కూర్చుని వ్యాసం రాయడం నేర్చుకోవలసి వచ్చింది. ఖర్మ!

మేమిద్దరం ఆసుపత్రులకు కోట్లు కుట్టే యూనిట్లో, గుడ్డ కత్తిరించే విభాగంలో పనిచేస్తాం. నేను పద్దెనిమిదేళ్లుగా, ఆమె మూడేళ్లుగా. ఆ విభాగానికి ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అయింది. నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బిపోయినదాన్ని, ఆ కుర్చీ నాదేనని ఎప్పుడో అనేసుకున్నాను. కానీ ఇన్‌ఛార్జి రోజూ పైవాళ్లకు రిపోర్టు రాయాలట. అందుకని వ్యాసం పరీక్ష పెట్టి, దాన్ని బట్టే ఇస్తామన్నాడు మేనేజరు. పాఠం చెప్పడానికి ఒక రిటైరైన మాస్టారిని మూడు వారాలకు కుదిర్చాడు.

మొదటిరోజు మాస్టారు మా పని గురించి ఒక పేజీ రాయమన్నారు. నేను పెన్ను ఎత్తకుండా రాసేశాను. "ప్రాచీన కాలము నుండియు మానవుడు వస్త్రములు ధరించుచున్నాడు" అని ఎత్తుకున్నాను. బడిలో ఈ ఎత్తుగడకే నాకు ఎప్పుడూ మొదటి మార్కు.

మాస్టారు చదివి కళ్లజోడు తీశారు. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా. కానీ పేజీ అయిపోయినా మానవుడింకా ఆకులే కట్టుకుని తిరుగుతున్నాడు. నీ కత్తెర దగ్గరికి ఎప్పుడొస్తాడు?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా తోడికోడలు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మహాతల్లి మాత్రం పేజీలో ఒక్క వాక్యమూ రాయలేదు. కొలతల కాగితంలో మిగిలిన ముక్కలను చీటీలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో మాట గీకి, గుండుసూదులతో ఏప్రన్‌కు గుచ్చుకుంది. వాటిని తీసి పైకీ కిందికీ మారుస్తూ కూర్చుంది. పైన శీర్షిక "వాసం" అట. వ్యాసమని రాయడం రాక ఇంటికప్పుకు వేసే వాసమని రాసింది!

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏది ముందో చూసుకుంటున్నానండీ. పక్కలు మూసేశాక జేబు కుట్టాలంటే చచ్చే చావు కదా. అందుకని."

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదీ పద్ధతంటే! ముందు ముక్కలు, తర్వాతే కుట్టు. చదివేవాడు ఏమడుగుతాడో ఒక్కో చీటీ మీద రాసుకోండి. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని చీటీ ఎంత ముద్దొచ్చినా తీసి పారేయండి." వాసాన్ని చిన్నగా దిద్దారు, అంతే. నా మానవుణ్ణి ఎగతాళి చేసిన నోరు దాని వాసం దగ్గర మూతపడింది.

ఆ రోజు నుంచి ఎత్తితే చీటీల అమ్మాయి, దింపితే చీటీల అమ్మాయి. ఇంటికొచ్చాక మా అత్తగారు కూడా "చిన్నది బాగా రాస్తోందటగా" అంది, నా మొహం మీదే. నేనూ చీటీలు కత్తిరించాను, తలుపు గడియపెట్టుకుని. నా చీటీలన్నిటి మీదా మానవుడే ఉన్నాడు.

పరీక్షకు వారం ముందు విషయం చెప్పేశారు: "మన పనిలో జరిగిన ఒక తప్పు, దాని నుంచి నేర్చుకున్నది." నా గుండెల్లో రాయి పడింది.

ఆ తప్పేమిటో యూనిట్లో అందరికీ తెలుసు. మా కోటు గుడ్డకు ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు. బల్ల మీద పరిచేటప్పుడు ఒక పొర నునుపు పైకి, తర్వాతి పొర నునుపు కిందికి పరవాలి. అప్పుడు ఒక్క కోతకు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి జతగా వస్తాయి. ఆమె చేరిన మూడో నెలలో రెండు వందల కోట్లకు చేతులు కోశాం. నాలుగు వందలూ ఎడమ చేతులే వచ్చాయి. పొరలన్నీ నునుపు పైకే పరిచి ఉన్నాయి. "పరిచింది తనే, కొత్తది కదా" అన్నాను మేనేజరుతో. ఆ రోజు నుంచి ఆమెకు ఎడంచెయ్యి అని పేరు పడింది. "ఏయ్ ఎడంచెయ్యీ, టీ తాగావా?" అంటారు ఇప్పటికీ. పరిచింది ఆమే. హడావుడిలో అలా పరవమన్నది మాత్రం నేను.

పరీక్ష ముందురోజు సెలవు. మధ్యాహ్నం వంటగదిలోకి వెళితే కిటికీ తెరకు వరసగా ఏడు చీటీలు గుచ్చి ఉన్నాయి. ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తోంది. చదివాను. మొదటిది: నాలుగు వందల చేతులు. రెండోది: గుడ్డకు రెండు వైపులు. మూడోది: పరిచింది నేను. నాలుగోది: పరవమన్నది ఎవరు.

మిగతావి చదవలేదు. నాలుగోదాన్ని పీకి గుప్పిట్లో పెట్టుకున్నాను. అదే క్షణంలో ఆమె ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చింది. తెర వైపు చూసింది, నా చేతి వైపు చూసింది.

"ఉంచుకో అక్కా," అంది. "దాన్ని నేనే తీసేద్దామనుకున్నా. ఇలా ఎందుకు పరవాలి అని నేను అడగలేదు, అదీ నా తప్పు. నేను రాసేది దాని గురించే. నీ సంగతి అందులో అతకదు."

అతకదట! చీటీ పీకిన సిగ్గు కంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. నన్ను కాపాడినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. పనికిరాని పేలికలా పక్కన పెట్టేసింది.

మర్నాడు పరీక్షలో తెల్లకాగితం ముందు కూర్చున్నాను. ప్రాచీన కాలం మానవుడు వచ్చి నిలబడ్డాడు. ఫో అన్నాను. నాలుగు బెంచీల అవతల ఆమె తలొంచుకుని, పెదాలు కదుపుతూ రాసుకుపోతోంది. దాని వ్యాసం ఎంత బాగుంటుందో నాకు తెలుసు, దాని వరస సగం చూశాను కదా. దాన్ని కొట్టాలంటే దాని దగ్గర లేనిది రాయాలి. అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది.

నా మీద ఒట్టు, పశ్చాత్తాపం కాదు. దానికంటే బాగా రాయాలని, అంతే. చిత్తుకాగితం మీద మొదటి ముక్క పెట్టాను: పరవమన్నది నేను. ఆ తర్వాత ముక్కలు వాటంతటవే వరసలో నిలబడ్డాయి. ఎలా పరవమన్నానో, కోత అయ్యాక ఏం చూశానో, మేనేజరుతో ఏమన్నానో, ఆమె ఎలా తలొంచుకుని నిలబడిందో, అన్నీ రాశాను. నా జన్మలో ఏనాడూ అంత బాగా రాయలేదు.

నాలుగో రోజు మేనేజరు అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టి నా వ్యాసం పైకి చదివాడు. "అన్నిటిలోకీ ఇదే మంచి వ్యాసమని మాస్టారు అన్నారు," అన్నాడు. "ఇన్‌ఛార్జి మాత్రం చిన్నావిడ. అబద్ధం చెప్పానని ఇంత బాగా రాసిన మనిషికి ఆ కుర్చీ ఎలా ఇవ్వమంటారు?"

చప్పట్లు ఆమెకు కొట్టారు. నేనూ కొట్టాను, కళ్లల్లో నిప్పులు పోసుకుంటూనే.

సాయంత్రం ఏప్రన్లు విప్పే గదిలో మేమిద్దరమే మిగిలాం. వచ్చి కావలించుకుంటుందనుకున్నాను. లేకపోతే నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆమె, మేనేజరు తిరిగిచ్చిన నా వ్యాసం కాగితాలు తీసుకుని బల్ల మీద పెట్టి, వేలితో ఒక్కో పేరా చూపిస్తూ పోయింది.

"ఎలా జరిగిందో ఉంది. ఎప్పుడో ఉంది. ఎవరో ఉంది. ఎందుకు చెప్పావో లేదక్కా."

"ఏంటి?"

"నా మీద పెట్టేశావు కదా. ఎందుకూ? చదివేవాళ్లు ముందు అడిగేది అదే. మూడేళ్ల నుంచి నేనూ అదే అడుగుదామనుకుంటున్నా."

కాగితం మీదైతే తప్పించుకునేదాన్నేమో. ఆమె కదలకుండా నా కళ్లలోకి చూస్తోంది.

"ఆ ముందురోజు మేనేజరు నీ కోత చూసి శభాష్ అన్నాడు," అన్నాను. "నన్ను అన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు."

ఇంకా ఏదో ఉంటుందని ఆమె ఎదురుచూసింది. "అంతేనా?" అంది.

"అంతే," అన్నాను.