గలీబు తొడిగిన గాలి

పెద్ద వరద వచ్చిన మూడో ఏడు మా పేటకు రోజుకు రెండు గంటలే కరెంటు. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం మా పని. మోటారు ఆగితే బావిలోంచి నీళ్లు తోడేది నేనే. నా నడుం అప్పటికే సగం పోయింది.

గాలిమరల మీద దేశం ఇంకా డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోలేక, గాలిని కొలిచి రమ్మని పెద్దలు ఒక ఇంజినీరును పంపారు. అతను మా డాబా మీద మనిషెత్తు గొట్టం నిలబెట్టి, దాని కొసన గిర్రున తిరిగే గిన్నెలు బిగించి, వాటి లెక్క చూపే పెట్టెను కింద గోడకు తగిలించి పోయాడు. మర వస్తే మోటారు ఆగదని నా ఆశ. నెల తర్వాత వచ్చి, మెట్లెక్కడానికి బద్ధకించి, కింద పెట్టెలో అంకెలు చూసి పెదవి విరిచాడు.

“ఇక్కడ గాలే లేదు తాతా! మర దండగని రేపు రాసిచ్చేస్తా.”

ఆ మాట అంటున్నప్పుడే నా పంచె గాలికి మోకాళ్లు దాటి లేస్తోంది. రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

అతను వెళ్లగానే మా ఆవిడ విరుచుకుపడింది. “ఏమయ్యా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?”

“ఆ గిన్నెలకు దిండు గలీబు తొడిగి తాడు బిగించిందెవరో చెప్పమంటావా?”

“మరి అవి తిరిగి తిరిగి ఆరేసిన దుప్పట్లు చింపుతుంటే ఏం చెయ్యను? పెద్ద నర్సమ్మకు నువ్వు జవాబు చెప్తావా?”

“దేశానికో?”

“దేశం వచ్చి దుప్పట్లు లెక్కపెట్టదు కదా!”

మర్నాడు పొద్దున్నే గలీబు ఊడదీశాను. గిన్నెలు చింపిన దుప్పట్లు మూడు చంకన పెట్టుకుని వెళ్లి ఇంజినీరు బల్ల మీద పరిచాను. “గాలి లెక్క ఇదీ బాబూ, రాసుకో” అన్నాను.